అమ్మానాన్నలతో క్రూజ్: చిచెన్ ఇట్సాకా, చిన్న గుడులకా?

ప్లానో_పద్మ
అందరికీ నమస్కారం. నవంబరులో అమ్మానాన్నలు తెనాలి నుంచి వస్తున్నారు. డిసెంబరులో మన గాల్వెస్టన్ రేవు నుంచి క్రూజ్ అనుకుంటున్నాం. నాన్నకు 71, మోకాళ్ల నొప్పులు. మెక్సికో, బెలీజ్ వైపు మాయన్లనే పాతకాలం జనం కట్టిన గుడులు, పిరమిడ్లు చూడాలని ఆయనకు చాలా ఆశ. ఐదు రాత్రుల షిప్పు మెక్సికో రేవులు కోజుమెల్, ప్రోగ్రెసోలో ఆగుతుంది. ప్రోగ్రెసో నుంచి పెద్ద పిరమిడ్ ఉన్న చిచెన్ ఇట్సాకు టూరు ఉంది. ఏడు రాత్రులదయితే కోస్టా మాయా, బెలీజ్, కోజుమెల్. అందులో చాక్చోబెన్, అల్టున్ హా, తులుం అనే చిన్న మాయన్ చోట్లు చూడొచ్చు. ఏది తీసుకోమంటారు?

కేటీ_కృష్ణ
చిచెన్ ఇట్సా. ఆలోచించకండి. 2007లో తాజ్‌మహల్‌తో పాటు కొత్త ఏడు వింతల్లో చేర్చిన చోటు అది. అక్కడి పిరమిడ్‌కు నాలుగు వైపులా 91 మెట్ల చొప్పున, పైన ఇంకొకటి, మొత్తం 365. ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే పక్షి కూసినట్టు ప్రతిధ్వని వస్తుంది. బంతాట ఆడిన ప్రాంగణమే 168 మీటర్ల పొడవు. అంత దూరం వెళ్లి అది చూడకుండా చాక్చోబెన్ చూసొచ్చామని తెనాలిలో చెబితే ఎవరికి తెలుస్తుంది?

ఫ్రిస్కో_సుమ
పద్మ గారూ, దయచేసి వద్దు. మేం మా అత్తగారిని తీసుకెళ్లాం. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. బస్సులో బాత్రూం పనిచేయలేదు. దారిలో ఇబ్బంది అవుతుందని ఆవిడ పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు. ఎండలో కళ్లు తిరిగి, బొమ్మలమ్మే వాళ్ల దగ్గర చెట్టు కింద కూలబడిపోయారు. మీరు చెప్పిన బంతాట ప్రాంగణం ఆవిడ చూడనే లేదు.

కేటీ_కృష్ణ
రెండు గంటలు పెద్ద దూరమా? ఇదే పెద్దవాళ్లు రాత్రంతా బస్సులో కూర్చుని తిరుపతి వెళ్తారు.

ఫ్రిస్కో_సుమ
తిరుపతి బస్సు దారిలో ఆగుతుంది. మాది ఆగలేదు.

ఓరుగల్లు_బిడ్డ
మయసభ కట్టిన మయుడి వంశపోళ్లే గద మాయన్లంటే. ఏది చూసినా మనోళ్లదే.

హ్యూస్టన్_హరి
అన్నా, అది పేరు పోలికే. ఆ జనం ఇంకా అక్కడే ఉన్నారు. మా గైడు వాళ్లింట్లో ఇప్పటికీ మాయా భాషే మాట్లాడతారు.
పద్మ గారూ, ఒక్క జాగ్రత్త. కోజుమెల్, కోస్టా మాయా ఉన్న కింటానా రో రాష్ట్రం 2015లో గడియారం మార్చుకుంది. డిసెంబరులో మన టెక్సాస్ కంటే గంట ముందుంటుంది. ప్రోగ్రెసో మాత్రం మన టైమే. ఫోను దానంతటదే మారిపోతుంది, నమ్మొద్దు. షిప్పు టైము చూపించే చేతి గడియారం పెట్టుకోండి.

కేటీ_కృష్ణ
చూశారా, ప్రోగ్రెసోలో టైము గొడవ కూడా లేదు. ఇక బెలీజ్ సంగతి. అక్కడ షిప్పు ఒడ్డు దాకా రాదు, సముద్రంలోనే ఆగుతుంది. ఊగే చిన్న బోటులోకి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది తేలికా?

ఫ్రిస్కో_సుమ
సిబ్బంది చెయ్యి పట్టుకుని దింపుతారు. ఒడ్డు నుంచి అల్టున్ హా గంట దూరం. చిన్న చోటు, రెండు ముంగిళ్లు, అంతే. 1968లో నాలుగు కిలోలకు పైగా బరువున్న పచ్చరాయి సూర్యదేవుడి తల దొరికింది అక్కడే. గుడి మెట్లు ఎక్కనిస్తారు కూడా. చిచెన్ ఇట్సాలో ఎక్కడం ఎప్పుడో ఆపేశారు. మీ 365 మెట్లు కింద నిలబడి లెక్కపెట్టుకోవడమే.

కేటీ_కృష్ణ
పెద్దవాళ్లనగానే చేతగానివాళ్లని ముద్ర వేసేయడం నాకు నచ్చదు.

ఫ్రిస్కో_సుమ
కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని లేపి కూర్చోబెట్టి ఉంటే మీరిలా మాట్లాడరు. మీకు ఏడు వింతల్లో ఒకటి చూశామనిపించుకోవడం కావాలి, వాళ్ల ఒంటి సంగతి అక్కర్లేదు.

హ్యూస్టన్_హరి
ఇద్దరూ కాస్త ఆగండి.

కేటీ_కృష్ణ
ఆ మాట అన్నారు కాబట్టి చెబుతున్నాను. 2018లో మా నాన్నగారిని ఇదే ప్రోగ్రెసోకు తీసుకెళ్లాను. గుండెకు స్టెంటు వేసి ఏడాది. దూరం వద్దని నేనే అనుకుని, అరగంటలో చేరే జిబిల్చల్తున్ అనే ఇంకో మాయన్ చోటుకు టికెట్లు కొన్నాను. ఏడు బొమ్మల గుడి చూశారు, బాగుందన్నారు. రాత్రి భోజనాల దగ్గర పక్క టేబుల్‌వాళ్లు చిచెన్ ఇట్సా ఫొటోలు చూపిస్తే, ఫోను చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని చూశారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో చరిత్ర పాఠం చెప్పిన మనిషి. గదికి వచ్చాక "నన్నొక మాట అడిగుంటే మెల్లగా నడిచేవాణ్ణి కదరా" అన్నారు. 2021లో పోయారు.

ఫ్రిస్కో_సుమ
కృష్ణ గారూ, క్షమించండి. ఒంటి సంగతి అక్కర్లేదని అనకుండా ఉండాల్సింది.
మా అత్తగారికీ టికెట్లు కొన్నాకే చెప్పాం. ఇంటికొచ్చాక అన్నారు, "ఆ సముద్రం ఒడ్డున కూర్చోబెట్టినా సరిపోయేదమ్మా" అని. అయినా ఆ బస్సు విషయంలో నా మాట మారదు.

కేటీ_కృష్ణ
నాదీ మారదు. కానీ పద్మ గారూ, మీరు ఇంకా వాళ్లను అడగలేదు కదా?

ప్లానో_పద్మ
అడగలేదు. సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను. ఇప్పుడే తెనాలికి ఫోన్ చేసి రెండూ వివరంగా చెప్పాను. నాన్న అడిగింది ఒక్కటే: "పైకి ఎక్కనిస్తారా?" చిచెన్ ఇట్సాలో ఎక్కనివ్వరంటే, కింద నిలబడి చూడటానికయితే టీవీ ఉంది కదమ్మా, నాలుగు మెట్లయినా ఎక్కుతాను అన్నారు. అమ్మ మాత్రం బస్సులో బాత్రూం ఉంటుందా అని అడిగింది. ఏడు రాత్రులది ఖాయం చేస్తున్నాను.

కేటీ_కృష్ణ
మంచిది. ఆయన ఎక్కేటప్పుడు తొందరపెట్టకండి, ఎన్ని మెట్లు ఎక్కితే అన్ని. పై దాకా వెళ్తే ఫొటో ఇక్కడ పెట్టండి.

ఫ్రిస్కో_సుమ
టూరు షిప్పువాళ్ల దగ్గరే తీసుకోండి, ఆలస్యమైతే షిప్పు ఆగుతుంది. బయటవాళ్లతో వెళ్తే ఆగదు. బస్సు ఎక్కకముందే ఒడ్డున బాత్రూంకు వెళ్లి రమ్మని అమ్మగారికి చెప్పండి. నీళ్లు మాత్రం తాగించండి.