డేవిడ్ క్లైడ్‌ని ముంచింది ఓనరేనా?

ఎడమచేతివాటం:
1973 జూన్ 27, ఆర్లింగ్టన్ స్టేడియం. హైస్కూల్ ఆట ముగిసి నెల కూడా తిరగని 18 ఏళ్ల కుర్రాడు డేవిడ్ క్లైడ్ అమెరికా బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్ తరఫున పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) బరిలో దిగాడు. జనం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారని మ్యాచే ఆలస్యంగా మొదలుపెట్టారు. మొదటి ఇద్దరు మినెసోటా బ్యాటర్లకి వాక్స్ (నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) ఇచ్చేశాడు. తర్వాతి ముగ్గురినీ వరసపెట్టి స్ట్రయికౌట్ (మూడు స్ట్రయిక్‌లతో ఔట్) చేశాడు! ఐదు ఇన్నింగ్స్, ఒకే ఒక్క హిట్, గెలుపు. కానీ కెరీర్ మొత్తం చూస్తే 18 గెలుపులు, 33 ఓటములు. 26 ఏళ్లకే ఆట మానేశాడు. రెండు మ్యాచ్‌లు ఆడించి మైనర్ లీగ్‌కి (ఆట నేర్చుకునే కింది స్థాయి) పంపుదామనుకున్నవాణ్ని రేంజర్స్ ఓనర్ బాబ్ షార్ట్ గేటు డబ్బుల కోసం పైనే ఉంచేశాడు. బంగారు గుడ్ల బాతుని కోసుకోవడమంటే ఇదే.

మూడోబేస్:
ఎడమచేతివాటం గారూ, ఆ రోజు ఇచ్చిన ఏడు వాక్స్ సంగతి దాటేశారేం? వయసే కారణమంటే, పిచర్ బాబ్ ఫెల్లర్ 1936లో 17 ఏళ్లకే క్లీవ్‌లాండ్‌కి ఆడాడు. క్లైడ్ ఉన్న డ్రాఫ్ట్‌లోనే (జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునేది) మూడో పేరు రాబిన్ యౌంట్, అతనూ 18 ఏళ్లకే మేజర్స్‌లో (పై స్థాయి లీగ్‌లో) దిగాడు. ఫెల్లర్, యౌంట్ ఇద్దరూ బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు.

ఎడమచేతివాటం:
ఏడు వాక్స్ ఇచ్చేవాడు కాబట్టే కింద నేర్చుకోవాలంటున్నా. యౌంట్ అంతకుముందు ఏడాది మైనర్స్‌లో ఆడే వచ్చాడు. పైగా అతను షార్ట్‌స్టాప్ (ఫీల్డర్), నాలుగు రోజులకోసారి భుజం అరగదీసుకునే పని కాదది.

మూడోబేస్:
సరే, 1975లో ఒక్క మ్యాచ్ తర్వాత క్లైడ్‌నీ కిందకి పంపారుగా. 1978 దాకా మైనర్స్‌లోనే ఉన్నాడు. ఏం ఒరిగింది?

రాత్రిస్కోరు:
కింద ఉండగానే భుజం పోయింది బాసూ, ఆపరేషన్ కూడా అయింది. నన్నడిగితే అసలు దెబ్బ 1974. 3-0తో (మూడు గెలుపులు, ఓటమి లేదు) మొదలుపెట్టినవాడు 3-9తో ముగించాడు. అప్పటికి షార్ట్ టీమ్‌ని అమ్మేశాడు. మేనేజర్ బిల్లీ మార్టిన్‌కి కుర్ర పిచర్లంటే ఓపిక లేదు, అతన్ని ఎవరూ అడగరేం?

ఎడమచేతివాటం:
మార్టిన్‌నీ వదలను. కానీ పెన్షన్ విషయం చూడండి. అప్పట్లో దానికి మేజర్స్‌లో నాలుగేళ్ల సర్వీస్ కావాలి, క్లైడ్‌కి నెల పైచిలుకు తగ్గింది. 1980 నుంచి 43 రోజులు ఆడితే చాలన్నారు, మేజర్స్‌లో అతని ఆఖరి మ్యాచ్ 1979లో! స్టేడియం నింపినవాడికి పెన్షన్ లేదు.

మూడోబేస్:
అన్యాయమే, ఒప్పుకుంటా. కానీ అది ఆటగాళ్ల యూనియన్‌నీ లీగ్‌నీ అడగాల్సిన ప్రశ్న. దాన్ని షార్ట్ ఖాతాలో రాయకండి.