ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2, బరువు 88 కిలోలు: క్యాన్సర్ భయం ఎంతవరకు?

కొర్లగుంట_తిరుపతి:
మా బావకు 52 ఏళ్లు. ఎత్తు 165 సెం.మీ., బరువు 88, నడుము 108 సెం.మీ. షుగర్ ఉంది, మద్యం అలవాటు లేదు. స్కానింగులో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2. లివర్ ఎంజైముల రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1.8 లక్షలు. సిర్రోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడటం) రాకుండా లివర్ క్యాన్సర్ రాదంటున్నారు, నిజమేనా?

లివర్_లెక్కలు:
పూర్తిగా నిజం కాదండీ. ఎక్కువ కేసులు సిర్రోసిస్ మీదే వస్తాయి గానీ, ఫ్యాటీ లివర్‌లో అది లేకుండా కూడా కొందరికి వస్తుంది. పొట్ట కొవ్వు పెరిగితే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, కొవ్వు లివర్ కణాల్లో చేరుతుంది. కొందరికి అక్కడ వాపు మొదలవుతుంది. కణాలు చచ్చి, మళ్లీ పుట్టి, ఏళ్ల తరబడి మచ్చ కడుతుంది. ఆ క్రమంలోనే జన్యువుల్లో తప్పులు పోగై క్యాన్సర్‌కు దారితీస్తాయి. షుగర్ తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. అధిక కొవ్వుతో ముడిపడినవని ఐఏఆర్‌సీ (డబ్ల్యూహెచ్‌ఓ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ) 2016లో తేల్చిన 13 క్యాన్సర్లలో లివర్ క్యాన్సర్ కూడా ఉంది.

గ్రేడ్ 2 చూసి బెంబేలెత్తకండి. అది కొవ్వెంతో చెబుతుంది, మచ్చెంతో చెప్పదు. మచ్చకు ఫిబ్-4 లెక్క చూడాలి: వయసును ఎస్‌జీఓటీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్లు, ఎస్‌జీపీటీ వర్గమూలం రెండింటి లబ్ధంతో భాగించాలి. ప్లేట్‌లెట్లు వేలల్లో, అంటే 180 అని వేయాలి, 1.8 వేసి గాభరా పడేవాళ్లే ఎక్కువ. 52×48=2496. 64 వర్గమూలం 8, కాబట్టి 180×8=1440. వచ్చింది 1.73. 1.3 లోపైతే నిశ్చింత, 2.67 దాటితే లివర్ డాక్టరు. మీ బావది మధ్యలో ఉంది కాబట్టి ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) తీయించండి.

స్కాన్_గది:
పైదానికి ఒక మాట. ఈమధ్య డెంగీ గానీ వచ్చుంటే ప్లేట్‌లెట్లు పడిపోయి ఫిబ్-4 ఊరికే పెరిగి కనిపిస్తుంది. కొన్ని వారాలాగి మళ్లీ రక్తం ఇవ్వాలి. ఫైబ్రోస్కాన్‌కు ముందు 3 గంటలు ఏమీ తినకూడదు. బాగా లావుంటే ఎక్స్‌ఎల్ ప్రోబ్ (చర్మం మీద ఆనించే పరికరంలో లావైనవాళ్లకు వాడేది) ఉందా అని ముందే అడగండి, మామూలు ప్రోబ్ తరంగం చర్మం కింద కొవ్వు దాటలేక కొలత తప్పుతుంది. లివర్ గట్టిదనం 8 కిలోపాస్కల్ లోపైతే పెద్ద మచ్చ లేనట్టే, 12 దాటితే ముదిరినట్టు అనుమానించాలి.

సిర్రోసిస్ తేలితే 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్, దాంతోపాటు ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌లో పెరిగే ప్రోటీన్‌ను చూసే రక్తపరీక్ష). ఏఎఫ్‌పీ మామూలుగా ఉన్నంత మాత్రాన గడ్డ లేదనుకోవద్దు. రిపోర్టులో లివర్ సరిగ్గా కనబడలేదని రాస్తే సీటీ లేదా ఎంఆర్ఐ అడగాలి. హెపటైటిస్ బి పరీక్ష కూడా ఒకసారి చేయించండి. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో గ్యాస్ట్రో విభాగం ఉంది.

కొర్లగుంట_తిరుపతి:
థాంక్సన్నా. బరువెంత తగ్గాలి?

సంగటి_ముద్ద:
4, 5 కిలోలు తగ్గితే కొవ్వు కరుగుతుంది. వాపు, మచ్చ తగ్గాలంటే 6 నుంచి 9. వారానికి కిలో మించొద్దు. కడుపు మాడ్చుకుంటే పిత్తాశయంలో రాళ్లొస్తాయి. రాగి సంగటి మంచిదే గానీ రెండు ముద్దలు లాగిస్తే అన్నంతో సమానమే. మామిడి జ్యూస్ మానేయమనండి, పండైతే చిన్న ముక్క చాలు. ఈ బరువుతో అలిపిరి 3550 మెట్లు ఎక్కిస్తే మోకాళ్లు పోతాయి. చదును నేల మీద వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిపించండి.