బేస్‌బాల్ కార్డుల కేసులు కొని అమ్మితే లాభం ఉంటుందా?

ప్రశ్న: న్యూజెర్సీలో మా అబ్బాయితో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలుండే కార్డులు అమ్మే దుకాణాలకు వెళ్తూ ఈ వ్యాపారంపై ఆసక్తి పెంచుకున్నాను. బోమన్ బ్రాండు హాబీ రకం (కార్డుల దుకాణాల కోసం చేసేది) కేసు, అంటే 12 కార్డుల పెట్టెలుండే కంపెనీ సీలు వేసిన పెద్ద అట్టపెట్టె, ఒకటి కొని, సీలు తీయకుండా రెండేళ్లు దాచి అమ్మాలనుకుంటున్నాను. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1: ముందుగా ఖర్చులు లెక్కవేసుకోండి. ఈబేలో అమ్మితే సుమారు 13 శాతం రుసుముకే పోతుంది, రవాణా, బీమా అదనం. కాబట్టి ధర ఐదో వంతు పెరిగినా చేతికి మిగిలేది స్వల్పమే.

జవాబు 2: పాతబడితే చాలు విలువ పెరుగుతుందని అనుకోకండి. 1980ల చివర, 1990ల మొదట్లో కంపెనీలు విపరీతంగా ముద్రించినందువల్ల, ఆనాటి సీలు పెట్టెలు ముప్పై ఏళ్లు దాటినా చాలావరకు చవకగానే దొరుకుతున్నాయి. టాప్స్ కంపెనీ 2011లో తెచ్చిన అప్‌డేట్ సెట్ సంగతి వేరు, అందులో తర్వాత పెద్ద స్టార్ అయిన మైక్ ట్రౌట్ రూకీ కార్డు (ఆటగాడి తొలినాళ్ల కార్డు) ఉంది. ధరను నిలబెట్టేది ఆ ఏటి కొత్త ఆటగాళ్లే. వాళ్లు ఎంత ఎదుగుతారో కొనేనాటికి ఎవరికీ తెలియదు.

జవాబు 3: నేను ఒక కేసును బేస్‌మెంట్‌లో ఉంచి నష్టపోయాను. తేమకు అట్టపెట్టె అడుగు మెత్తబడి, కంపెనీ టేపు ఒక అంచున లేచిపోయింది. లోపలి పెట్టెల సీళ్లు చెక్కుచెదరకపోయినా, కొనడానికి వచ్చినాయన సీలు చెదరని కేసుకుండే ఎక్కువ ధర ఇవ్వకుండా విడి పెట్టెల లెక్కనే కట్టారు. దయచేసి పొడిగా ఉండే గదిలో, నేలకు ఎత్తుగా పెట్టండి. రసీదు కూడా భద్రపరచండి, పన్ను లెక్కల్లో కొన్న ధర చూపడానికి అది కావాలి.