హెడ్‌లైట్లు వేయగానే మీటర్లన్నీ తప్పు చూపిస్తున్నాయి, ఆల్టర్నేటర్ మార్చాలా?

గుంటూరు పికప్:
1990 మోడల్ డీజిల్ పికప్, నాన్నగారు కొన్నది. ఇప్పటికీ సీజనులో మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలుతున్నాం. ఈ మధ్య క్యాబిన్ తుప్పు గీకించి రంగు వేయించాం. అప్పటి నుంచి ఈ తంటా. పగలంతా మీటర్లు సరిగ్గానే ఉంటాయి. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే వోల్టు మీటరు 12 కిందికి దిగుతుంది, టెంపరేచర్ ముల్లూ డీజిల్ ముల్లూ పైకి లేస్తాయి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయింది, కొత్తది వేయాల్సిందేనని షెడ్డులో అన్నారు. కొనక ముందు ఏం చూడాలో తెలిసినవారు చెప్పండి.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్, విజయవాడ:
దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆల్టర్నేటర్ బలహీనపడితే డీజిల్ ముల్లు పైకెందుకు లేస్తుంది? మూడు మీటర్లు ఒకేసారి తప్పుతున్నాయంటే ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. అది క్యాబిన్ ఎర్త్, అంటే కరెంటు క్యాబిన్ నుంచి బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి.

క్యాబిన్ రబ్బరు బుష్షుల మీద కూర్చుంటుంది. ఛాసిస్‌లోకి కరెంటు దిగే దారి అల్లిన రాగి పట్టీయే. రంగు వేసేటప్పుడు దాన్ని విప్పి, మళ్లీ రంగు మీదే బిగించి ఉంటారు. మీటర్లు లాగే కరెంటు స్వల్పం కాబట్టి పగలు బయటపడదు. 60/55 వాట్ల బల్బులు రెండు వెలిగితే 9, 10 ఆంపియర్లు ఆ దారినే వెనక్కి రావాలి. రాలేక క్యాబిన్ రేకు మీదే వోల్టో, రెండు వోల్టులో నిలిచిపోతాయి. వోల్టు మీటరు అంత తక్కువ చూపిస్తుంది. చాలా పాత బండ్లలో మిగతా రెండు మీటర్లకు చిన్న స్టెబిలైజర్ నుంచి కరెంటు వస్తుంది. దాని ఎర్త్ కూడా క్యాబినే, రేకు మీద నిలిచిన వోల్టులు అది ఇచ్చే వోల్టేజీకి కలుస్తాయి, అందుకే ఆ ముళ్లు పైకి పోతాయి.

మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఇంజిన్ కాస్త రేసులో ఉంచి, లైట్లు వేసి, నేరుగా బ్యాటరీ మీద కొలవండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టే. తర్వాత నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ మీద ఉంచి, ఎర్ర ప్రోబు క్యాబిన్‌లో రంగు లేని బోల్టుకు ఆనించండి. 0.2 దాటితే దొంగ దొరికినట్టే.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూద్దామని ఎవరన్నా ఒప్పుకోవద్దు. అది డైనమోల కాలపు అలవాటు. ఆల్టర్నేటర్‌లో వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి డయోడ్లు పోతాయి. బాగున్న వస్తువును చేజేతులా పాడుచేసుకున్నట్టు అవుతుంది.

పటమట పాతబండ్లు:
జంపర్ కేబుల్‌తో బ్యాటరీ మైనస్‌ను ఆ క్యాబిన్ బోల్టుకు కలిపి లైట్లు వేయండి. ముళ్లు సర్దుకుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

గుంటూరు పికప్:
బ్యాటరీ మీద 14.1, క్యాబిన్ బోల్టు దగ్గర 1.6. కేబుల్ కలపగానే మూడు ముళ్లూ దారికొచ్చాయి. పట్టీ విప్పితే దాని చివర బోల్టుకు బిగించే లగ్గు కింద బూడిదరంగు ప్రైమర్, దానిపైన నీలం రంగు, బోల్టు మరల్లో కూడా అదే. ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్ది, స్టార్ వాషర్ వేసి బిగించాం. ఇప్పుడు 0.04. పట్టీలో కొన్ని తీగలు పచ్చబడి తెగి ఉన్నాయి. మార్చాలా అండీ?

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్, విజయవాడ:
మార్చేయండి. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూస్తే తేమ చేరదు. పనిలో పనిగా ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే పట్టీ కూడా చూడండి. అది తెగితే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది, కేబుల్ కాలిపోతుంది. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మీరు బ్యాటరీ మైనస్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య కొలవండి. అర వోల్టు దాటితే రెండు పట్టీలూ కలిపి తెచ్చుకోండి.