కిమ్చీ ముట్టకుండా తిరిగొస్తే సియోల్ చూసినట్టా, కాదా?

నెయ్యి మానేసినదాన్ని
మే నెలలో ఆరు రోజులు సియోల్ వెళ్తున్నాం. నేను, అక్క, బావ. నేను మూడేళ్లుగా వీగన్‌ని. చేప, మాంసం సరే, పాలు, పెరుగు, తేనె కూడా ముట్టను. నిన్న రాత్రి భోజనాల దగ్గర గొడవైంది. బావ అనేదేంటంటే: "అక్కడి కూరగాయల ఊరగాయ కిమ్చీలోనే రొయ్యలు ఉంటాయి. అడక్కుండా తినేశావంటే ఏ టెన్షనూ లేదు. లేదా పులిహోర పొడి కట్టుకెళ్లి, కోటల ముందు ఫొటోలు దిగి వచ్చేయ్. అంతేగానీ ఆ ఊరు చూశానని మాత్రం చెప్పకు." కోపం వచ్చింది, జవాబు మాత్రం తోచలేదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఎవరిది రైటు?

సువన్ వాసి
ఆరేళ్లుగా ఇక్కడే, సియోల్ పక్కనున్న సువన్‌లో ఉద్యోగం. సారీ అండి, నేను మీ బావగారి పక్షం. ఉప్పులో ఊరబెట్టిన చేపల్నీ రొయ్యల్నీ ఇక్కడ జొత్‌గల్ అంటారు. మామూలు కిమ్చీలో అది పడాల్సిందే. కిమ్చీ ఒక్కటే అయితే పక్కకి నెట్టేయొచ్చు. కానీ చాలా సూపులు ఎండు నెత్తళ్లు మరిగించిన నీళ్లతోనే మొదలవుతాయి. తొక్‌పొక్కి చూడ్డానికి బియ్యప్పిండి ముద్దల్లా ఉంటుంది, దాంట్లోనూ ఆ నీళ్లే, పైగా చేపపిండి ముక్కలు.

ఇంకో తిప్పలు. "గోగి (మాంసం) వద్దు" అంటే వాళ్లకి అర్థమయ్యేది గొడ్డు, పంది, కోడి వద్దని. రొయ్యలు వేసి నవ్వుతూ తెచ్చి పెడతారు. వాళ్ల తప్పు లేదు, గోగి లెక్కలోకి చేపలు రావు. పైగా ఇక్కడ గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ కలిసి తింటారు. ఒక్కరు కూర్చుని ప్రతి గిన్నె గురించీ ఆరా తీస్తుంటే మిగతావాళ్లకి ముద్ద దిగదు. నేను పుట్టుకతో శాకాహారిని. మొదటి ఏడాది అడిగేవాణ్ణి, తర్వాత అడగడం మానేశాను.

ముక్క లేనిదే ముద్ద దిగదు
నెత్తళ్ల నీళ్లు తాగుతున్నట్టు మీ అమ్మగారికి తెలుసా బ్రదర్?

సువన్ వాసి
తెలీదు. తెలియనివ్వకండి.

ఇంగువ డబ్బా
రెండుసార్లు వెళ్లాను, ఒకసారి ఒంటరిగా. సువన్ గారు చెప్పినవన్నీ నిజాలే, తేల్చింది మాత్రం తప్పు. ఆఫీసు టీమ్ డిన్నర్ ఒక్కటేనా కొరియా అంటే? ఆ నేలమీదకి బౌద్ధం 372లో వచ్చింది. గుళ్లలో వండే వంటకి సాచల్ ఉమ్‌షిక్ అని వేరే పేరే ఉంది. అందులో చేపా లేదు, మాంసమూ లేదు. కిమ్చీ కూడా జొత్‌గల్ లేకుండానే పెడతారు. సియోల్ నడిబొడ్డున జోగ్యేసా గుడికి ఎదురుగా ఆ సంప్రదాయం వాళ్లే నడిపే హోటలుంది, పేరు బాల్వూ గోంగ్యాంగ్. మంచి హోటళ్లకి స్టార్లు ఇచ్చే మిషలిన్ గైడ్ సియోల్‌కి తొలిసారి వేసింది 2017ది, అందులో దీనికి ఒక స్టార్ వచ్చింది. ముందే బుక్ చేసుకోవాలి. బిల్లు చూసేటప్పుడు మాత్రం బావగారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

వీలైతే ఒక రాత్రి గుళ్లోనే ఉండండి. 2002 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ అప్పుడు మొదలుపెట్టిన టెంపుల్ స్టే ఇప్పటికీ నడుస్తోంది. నేనున్న చోట తెల్లారకముందే లేపారు. నాలుగు గిన్నెలు, ఎవరివి వాళ్లకే. మెతుకు వదలకూడదు. చివర్లో ఒక ముల్లంగి ముక్కతో గిన్నె తుడిచి, కడిగిన నీళ్లు కూడా తాగేయాలి. విస్తట్లో మెతుకు వదిలితే మా తాతయ్య చూసే చూపు గుర్తొచ్చి, నోరు మూసుకుని తాగేశాను.

ఇంకొకటి ఎవరూ చెప్పడం లేదు. మన దగ్గర వీగన్‌కి శత్రువు పాడి. పప్పులో నెయ్యి, కూరలో పెరుగు, ఆఖరికి మజ్జిగ లేకుండా భోజనం ముగించనివ్వరు. కొరియా పాత వంటల్లో పాలు దాదాపు కనపడవు. నువ్వుల నూనె, సోయా, అంతే. నాకైతే పెళ్లిభోజనంలో నెయ్యిని తప్పించుకోవడం కంటే అక్కడ చేపని తప్పించుకోవడమే తేలికనిపించింది.

సువన్ వాసి
పాల సంగతి ఒప్పుకుంటా. కానీ గుడి వంట సన్యాసుల వంట. నా కొలీగ్స్‌లో అది తిన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. తిరుమల ప్రసాదం తిని తెలుగువాళ్ల తిండి తెలిసిపోయిందన్నట్టుంది.

పెసరట్టు పార్టీ
లడ్డు తెలుగువాళ్లది కాదంటారా ఏంటి, కొట్టుకుంటారు జాగ్రత్త.

మామూలు జనం తినేవాటిలోనూ దొరుకుతాయండి. ఎండాకాలం కోంగుక్సు ఉంటుంది, చల్లటి చిక్కటి సోయాపాలల్లో నూడుల్స్. పైన గుడ్డు పెట్టొద్దని ముందే చెప్పండి. గుమ్మడికాయ జావ, ఎర్ర చిక్కుడు గింజల జావ కూడా ఉంటాయి, పాలు కలుపుతారేమో అడగండి. బిబింబాప్ అంటే పైన కూరలు పెట్టిన అన్నం, అందులో గుడ్డు, మాంసం తీసేయమనొచ్చు, అయితే కారం ముద్దలో మాంసం వేయించి కలిపే చోట్లున్నాయి. జొన్‌జు అనే ఊళ్లో మాత్రం ఆశ పెట్టుకోకండి. అక్కడ పేరున్న బిబింబాప్‌కి అన్నమే గొడ్డుమాంసం నీళ్లతో వండుతారు.

నా గుండె పగిలింది గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌లో. మన పెసరట్టుకి అక్కలాంటి బిందెత్తొక్. పొట్టు తీసిన పెసలు కళ్లముందే రుబ్బి, మందంగా పోసి, నూనెలో కరకరలాడిస్తారు. తీరా అడిగితే లోపల పంది మాంసం. వాసన పీల్చి వచ్చేశాను.

ఏవేవి పడవో కొరియన్‌లో రాయించుకుని ఫోన్‌లో పెట్టుకోండి. నెత్తళ్ల నీళ్లు, జొత్‌గల్ అని పేరుపేరునా రాయాలి. ఒట్టి "వీగన్" చాలదు.

నెయ్యి మానేసినదాన్ని
అందరికీ థాంక్స్ అండి. అంతా బావకి చదివి వినిపించాను. సువన్ గారూ, మీ ఇబ్బంది అర్థమైంది. మీరు రోజూ వాళ్లతో కూర్చోవాలి, నేను ఆరు రోజులు ఉండి వచ్చేదాన్ని. కానీ అడక్కుండా తినడం నావల్ల కాదు. తెలుసుకోకపోతే లేనట్టే అనుకోలేను. గుళ్లో ఒక రాత్రికి బావ ఒప్పుకున్నాడు, గిన్నె కడిగిన నీళ్ల సంగతి ఇంకా చెప్పలేదు. గుడికి పులిహోర పొడి పట్టుకెళ్లొచ్చా, ఆయన ఆకలికి ఆగలేడు.

ఇంగువ డబ్బా
మే అన్నారు కాబట్టి ముందు బుద్ధుడి పుట్టినరోజు ఎప్పుడో చూసుకోండి. తిథి ప్రకారం ఏటా మారుతుంది. ఆ రోజు చాలా గుళ్లలో వచ్చినవాళ్లందరికీ బిబింబాప్ ఉచితంగా పెడతారు. అంతకుముందు దీపాల ఊరేగింపు ఉంటుంది, దాన్ని వదలకండి.

పులిహోర పొడి మాత్రం వద్దు. గుడి వంటలో ఐదు ఘాటు వస్తువులు నిషేధం. వెల్లుల్లి, ఉల్లికాడలు, బుచు అనే ఉల్లి జాతి ఆకు, దల్లే అనే అడవి ఉల్లి. ఐదోది హుంగో, అంటే ఇంగువ. అక్కడి వంటల్లో ఎవరూ ఇంగువ వాడరు, అయినా మన వైపు నుంచి వెళ్లిన నియమం కదా, పేరుతో సహా అలాగే ఉండిపోయింది.

ముక్క లేనిదే ముద్ద దిగదు
మరి నిన్ను లోపలికి ఎలా రానిచ్చారు, ఇంగువ డబ్బా?