20 ఏళ్ల సాగు హక్కు, 11 నెలల కౌలు కార్డు

ప్రశ్న (గుంటూరు):
వచ్చే వారం మా రైతు ఉత్పత్తిదారుల సంఘం సమావేశంలో కౌలు రైతుల గురించి మాట్లాడవలసి ఉంది. అందుకోసం, సమష్టి వ్యవసాయ క్షేత్రాలను రద్దు చేసుకున్న దేశాల అనుభవాన్ని చదువుతున్నాను. భూమి పంచిన చోటల్లా రైతు బాగుపడ్డాడనుకున్నాను గానీ, చదివేకొద్దీ ఆ నమ్మకం సడలుతోంది. అక్కడి అనుభవంలో మన డెల్టాకు పనికొచ్చేది ఏమిటి?

జవాబు (తెనాలి):
అల్బేనియా 1991లో 7501వ నంబరు చట్టం తెచ్చి, సహకార క్షేత్రాల భూమిని సభ్యుల కుటుంబాలకు తలల లెక్కన పంచింది. సగటున ఒక హెక్టారుకు కాస్త పైగా వచ్చింది. అదీ ఒకే చోట కాదు, మంచి నేలలో ఒక చెక్క, మెరకలో ఇంకొకటి. పట్టా చేతికి వచ్చింది గానీ, నీళ్లు పెట్టే ఏర్పాటు, ట్రాక్టరు, పంట కొనే నాథుడు పాత క్షేత్రంతోపాటే పోయాయి.

వియత్నాం భూమిని సొంతానికి ఇవ్వనే లేదు. 1988లో సాగును కుటుంబాలకు అప్పగించి, 1993 భూచట్టంతో ఏటా వేసే పంటల భూమిపై 20 ఏళ్ల హక్కు ఇచ్చింది. దాన్ని కౌలుకివ్వవచ్చు, వారసులకు రాయవచ్చు, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు. అంతకుముందు బియ్యం దిగుమతి చేసుకున్న ఆ దేశం 1989లోనే ఎగుమతిదారు అయింది. ధరలపై అదుపు సడలించడమూ అందుకు కారణమే. ఇక్కడ, ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం (2019) కింద, యజమాని సంతకంతో కౌలు రైతుకు ఇచ్చే సాగుదారు కార్డు గడువు 11 నెలలు. వచ్చే ఏడు ఆ చేను ఎవరి చేతిలో ఉంటుందో తెలియని మనిషి పశువుల ఎరువు ఎందుకు తోలిస్తాడు?

జవాబు (విజయవాడ):
ఉక్రెయిన్‌ను కూడా చూడండి. అక్కడ క్షేత్రాల భూమి లక్షల మంది గ్రామీణులకు వాటాలుగా దక్కినా, 2001 నుంచి 2021 జులై దాకా దాని అమ్మకంపై నిషేధం ఉండటంతో, చాలామంది పెద్ద కంపెనీలకు కౌలుకిచ్చారు. అంటే అక్కడ యజమాని చిన్నవాడు, కౌలుదారు పెద్దవాడు. మన దగ్గర యజమాని పట్నంలో ఉంటే, ఎకరాకు ఇన్ని బస్తాలని ఒప్పుకుని దుక్కి దున్నేవాడు పేదవాడు. అందుచేత కౌలు చట్టం ఏ దేశానిదైనా, అది ఇద్దరిలో ఎవరిని కాపాడుతోందో ముందు చూడాలి.

జవాబు (విజయవాడ, భూయజమాని):
మా కుటుంబానికి కొల్లూరు వైపు మూడెకరాలు ఉన్నాయి. కార్డు కోసం కౌలుదారు రెండేళ్లు అడిగినా నేను సంతకం పెట్టలేదు. కౌలుదారుకు శాశ్వత హక్కు కల్పిస్తూ పాత కౌలు చట్టానికి 1974లో చేసిన సవరణ గురించి మా నాన్నగారు చెప్పిన భయం నాలో నిలిచిపోయింది. 2024 సెప్టెంబరు కృష్ణా వరదలో అతని పసుపు, కంద కుళ్లిపోయాయి. అతనికి కార్డు లేదు కాబట్టి పరిహారం మాత్రం నా ఖాతాలో పడింది. ఆ డబ్బు తీసుకెళ్లి ఇచ్చిన రోజు, దుంప తవ్వి చేతిలో పెట్టాడు. వేలు నొక్కితే లోపలికి దిగింది. మరుసటి ఏడాది సంతకం పెట్టాను. ఆ 11 నెలలను అయిదేళ్లు చేసి, పట్టాకు ముప్పు లేదని చట్టంలోనే స్పష్టంగా రాస్తే, నాలాంటివాళ్లు చాలామంది ముందుకు వస్తారు. మీ సమావేశంలో భూయజమానులను కూడా కూర్చోబెట్టండి, నేను వస్తాను.