100 కేఎల్‌డీ (రోజుకి 100 కిలోలీటర్లు) ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంట్‌లో) రోజూ స్లడ్జ్ (బురద) తీయాల్సి వస్తోంది, తగ్గించే దారేంటి?

వాడిననీరు: అపార్ట్‌మెంట్ ఎస్టీపీ, ఎక్స్‌టెండెడ్ ఏరేషన్ (ఎక్కువసేపు గాలి పెట్టే పద్ధతి). ఏరేషన్ ట్యాంక్ 90 ఘనపు మీటర్లు, ఎంఎల్‌ఎస్‌ఎస్ (ట్యాంకు నీటిలో కలిసున్న స్లడ్జ్) లీటరుకి 4,000 మి.గ్రా., వచ్చే నీటి బీఓడీ (సూక్ష్మజీవులు తినే మురికి కొలత) 250 మి.గ్రా. ఫిల్టర్ ప్రెస్‌కి (స్లడ్జ్ నీళ్లు పిండే యంత్రానికి) తీరికే లేదు. కల్చర్ పొడి (సూక్ష్మజీవుల పొడి) వేస్తే స్లడ్జ్ సగమవుతుందని సప్లయర్ అంటున్నాడు. వేయొచ్చా?

బురదలెక్క: ముందు కిలోల్లో చూడండి. రోజుకి సుమారు 24 కిలోల బీఓడీ పోతోంది. కిలోకి అరకిలో చొప్పున 12 కిలోల పొడి స్లడ్జ్ పుట్టాల్సిందే. ట్యాంకులో ఉన్నది 360 కిలోలు, అంటే స్లడ్జ్ వయసు (ట్యాంకులో సగటున ఉండే కాలం) 30 రోజులు. ఇంకా పెంచితే తగ్గేది కొద్దిగానే, బ్లోయర్ కరెంటు మాత్రం లాగుతుంది. తగ్గించాల్సింది నీళ్లండీ. 12 కిలోలు 0.8 శాతం చిక్కదనంలో 1,500 లీటర్లు, 2 శాతానికి తెస్తే 600 లీటర్లే.

వాడిననీరు: చిక్కబరచడానికి వేరే ట్యాంకు లేదు సార్. స్లడ్జ్ హోల్డింగ్ ట్యాంక్ ఒక్కటే ఉంది.

బురదలెక్క: అది చాలు. గాలి ఆపి రెండు గంటలు తేరనివ్వండి, పైనీళ్లని ఈక్వలైజేషన్ ట్యాంకుకి (వచ్చే మురుగుని ముందుగా నిలిపే ట్యాంకుకి) వదిలి మళ్లీ గాలి పెట్టండి. రాత్రంతా ఆపితే కుళ్లి కంపు కొడుతుంది, స్లడ్జ్ పైకి తేలుతుంది.

కొలజాడీ: ఆ ట్యాంకులో గాలి ఎడతెగకుండా పెట్టినా చిక్కే. నైట్రిఫికేషన్‌తో (అమ్మోనియా నైట్రేట్‌గా మారడంతో) పీహెచ్ పడిపోతుంది. గాలి ఆపి ఆపి ఇస్తే డీనైట్రిఫికేషన్ (నైట్రేట్ నైట్రోజన్ వాయువుగా మారడం) జరిగి ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) కొంత తిరిగొస్తుంది. మీ స్లడ్జ్ ముందే ముదురు కాబట్టి ఇక్కడ కరిగేది తక్కువే, ఆశ పెట్టుకోవద్దు.

ఇక కల్చర్ సంగతికొస్తే, పొడి వేశాక స్లడ్జ్ తగ్గిందంటే ముందు సెటిలర్ (స్లడ్జ్ అడుక్కి దిగే ట్యాంకు) నుంచి పొర్లే నీటిని చూడండి. టీఎస్‌ఎస్ (నీటిలో తేలే ఘనపదార్థం) లీటరుకి 80 మి.గ్రా. ఉంటే రోజుకి 8 కిలోలు అటే పోతోంది! శాండ్ ఫిల్టర్ తరచూ బిగుసుకుంటోందంటే అదే గుర్తు. ఇంటి మురుగులో సూక్ష్మజీవులకి కొదవ లేదు, నా మటుకు ఆ డబ్బు దండగ.

జల్లెడ: ఏరేషన్ ట్యాంకు నీళ్లు లీటరు జాడీలో పోస్తే 30 నిమిషాలకి స్లడ్జ్ ఎంత దాకా దిగుతోంది?

వాడిననీరు: 350 మి.లీ.

జల్లెడ: అంటే ఎస్‌వీఐ (దిగిన గ్రాము స్లడ్జ్ ఆక్రమించే మి.లీ.) 88 దాకా, బాగా దిగుతోంది. రిటర్న్ పంపు (సెటిలర్ స్లడ్జ్‌ని ఏరేషన్ ట్యాంకుకి తిప్పి పంపేది) ఎక్కువగా తిప్పకండి, స్లడ్జ్ పలచనవుతుంది. వంటింటి నూనె ట్రాప్ కూడా సమయానికి తీయించండి, అది దాటొచ్చిన కొవ్వు ట్యాంకులో నురగై కూర్చుంటుంది.

కొలజాడీ: ప్రెస్‌కి పాలిమర్ (స్లడ్జ్‌ని గడ్డ కట్టించే రసాయనం) 0.1 శాతం ద్రావణం, కలిపాక ముప్పావు గంట నాననివ్వాలి. టన్ను పొడి స్లడ్జ్‌కి 4 కిలోలనుకుంటే మీకు రోజుకి 48 లీటర్లు. ముందు బీకరులో వేసి చూడండి: గడ్డలు విడివడి మధ్యన నీళ్లు తేటగా కనిపిస్తే చాలు. జిగురుగా సాగుతుంటే ఎక్కువైనట్టే, ప్రెస్ గుడ్డ పూడుకుపోతుంది. కేకు (ప్రెస్‌లో పిండిన స్లడ్జ్ ముద్ద) 20 శాతం చిక్కదనం దాకా వస్తే ఎత్తాల్సింది రోజుకి 60 కిలోలు.